తాళం తీసేముందు

అప్రెంటిస్‌గా చేరిన రోజు నాకు బూట్లకన్నా ముందు తాళం ఇచ్చారు. ఎర్రరంగు తాళం, దానికి ఒకే ఒక్క తాళంచెవి, పక్కన వేలాడే ప్లాస్టిక్ బిళ్ళ మీద నా ఫొటో. ఆ ఫొటోలో నేను దొంగతనం చేసి దొరికిపోయినదానిలా ఉన్నాను. సాయంత్రం ఇంటికి తెచ్చి చూపిస్తే అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మనింట్లో బీరువా లేదు, పెట్టె లేదు. తాళం మాత్రం వచ్చేసింది. ఇక లోపల పెట్టుకునేవి వాటంతటవే వస్తాయిలే" అన్నాడు. వదిన పకపకా నవ్వింది. ఆ ఎండాకాలంలో మేం ముగ్గురం కలిసి నవ్వింది ఆ మొదటి వారాల్లోనే.

అన్నయ్యది కూడా అదే రేవు. ఓడ మీద పేర్చిన కంటైనర్లు కదలకుండా ఇనపకడ్డీలతో బిగించే గ్యాంగుకి లీడరు. మనిషికి రెండింతల పొడవుండే కడ్డీని ఒంటిచేత్తో లేపేవాడు. అమ్మానాన్నా పోయాక నన్ను చదివించింది తనే, చెంపలు వాయించిందీ తనే. రెండో పని ఇంకాస్త శ్రద్ధగా చేసేవాడు. "దీని నోరు ఊరుకోదు, ఈయన చెయ్యి ఊరుకోదు. మధ్యలో నేను వంట మాడ్చుకుంటున్నాను" అనేది వదిన.

వర్క్‌షాపులో నాకు పని నేర్పింది అరుపుల మేస్త్రీ. రిటైరవడానికి రెండేళ్ళుంది. ఎడమచెవి సగమే ఉండేది. తెగిన ఇనపతాడు ఒకటి ఎప్పుడో మిగతా సగం కోసుకుపోయిందట. మొదటిరోజు నన్ను నాలుగో నంబరు క్రేన్ కింద నిలబెట్టి, నూట నలభై మెట్ల పైనున్న మెషిన్ గదిని వేలితో చూపించాడు.

"అక్కడుండేవి పళ్ళచక్రాలు. వాటికి కళ్ళుండవు, చెవులుండవు, పళ్ళే ఉంటాయి. నువ్వు చెయ్యి లోపల పెట్టినప్పుడు కింద ఎవడో స్విచ్ వేశాడనుకో, నువ్వెవరి కూతురివో అవి అడగవు."

అందుకని పైకెక్కే ప్రతివాళ్ళూ కింద మెయిన్ స్విచ్‌కి తమ తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని ఎక్కాలి. ఎవరి తాళం వాళ్ళే తియ్యాలి. మంత్రిగారొచ్చినా ఇంకొకరి తాళం ముట్టుకోకూడదు. తీసేముందు మెట్ల దగ్గర నిలబడి "లోపలెవరు? తాళం తీస్తున్నా!" అని పిలవాలి. క్రేన్ నాలుగు కాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి మళ్ళీ పిలవాలి. మళ్ళీ తిరగాలి. మూడోసారి పిలిచి, పైకెక్కి, మెషిన్ గది కళ్ళారా చూసి, కిందికొచ్చి చూశానని పుస్తకంలో సంతకం పెట్టాలి. అప్పుడే తాళం.

నేను మొదటిసారి ఒక్క పిలుపు పిలిచి తాళం మీద చెయ్యేశాను. మేస్త్రీ తన చేతిలో ఉన్న స్పానర్‌తో నా హెల్మెట్ మీద ఒక్కటిచ్చాడు. దవడ దాకా అదిరింది.

"మొదటి పిలుపుకి మనిషి ఉలిక్కిపడతాడు. రెండోదానికి చేతిలో పని వదులుతాడు. మూడోదానికి నోరు తెరుస్తాడు. మూడంటే మూడే!"

ఇవాళ నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళకి నేనూ ఇదే చెబుతాను. స్పానర్‌తో కొట్టను, అంతే తేడా.

ఆ పిలుపులు ఇంట్లో ఆట అయిపోయాయి. అన్నయ్య స్నానాలగదిలో ఉంటే నేను బయట నిలబడి "లోపలెవరు? తాళం తీస్తున్నా!" అని అరిచేదాన్ని. మొదటిదానికి నీళ్ళ చప్పుడు ఆగేది. రెండోదానికి చెంబు కిందపడేది. మూడోదానికి "నేనే తల్లీ, తియ్యకు!" అని వినపడేది. వదిన కడుపు పట్టుకుని నవ్వేది.

తాళం తియ్యడం మర్చిపోయి ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళకి వర్క్‌షాపులో ఒక శిక్ష ఉండేది. ఎక్కడున్నా తిరిగొచ్చి తీసి, అందరికీ టీ పోయించాలి. మేస్త్రీ ఒకసారి సొంత కూతురి పెళ్ళి మధ్యలో లేచొచ్చి తాళం తీసి వెళ్ళాడట. నేను కూడా మర్చిపోయాను. నాకు పడిన శిక్ష టీ కాదు.

అది రెండో నెల. కంటైనర్లని వాటంతటవే పట్టుకుని బిగించే కొత్త యంత్రం వస్తోందనీ, అన్నయ్య గ్యాంగులో నలభైమందికి బదులు పద్నాలుగుమంది చాలనీ గేటు దగ్గర నోటీసు అంటించారు. అన్నయ్య నోటీసు చించి మేనేజర్ టేబుల్ మీద పెట్టి వచ్చాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని "పద్నాలుగుమందిని నేనే ఎంచాలంట. ఇరవయ్యారుమంది గొంతు నేను కొయ్యాలంట" అన్నాడు. అన్నం ముట్టుకోలేదు. నాకు జాలేసింది. ఆ జాలి మూడురోజులే ఉంది.

మూడోరోజు మధ్యాహ్నం నేను నాలుగో క్రేన్ మెషిన్ గదిలో గ్రీజు పెట్టి దిగుతున్నాను. మేస్త్రీకి మోకాళ్ళ నొప్పి, కిందే ఉన్నాడు. నేను ఆఖరి మెట్టు మీద ఉండగా పక్కనున్న వర్క్‌షాపు రేకుల గోడ దడదడలాడింది. బిగించే కడ్డీలతో గోడలు బాదుకుంటూ వస్తున్నారు. "సమ్మె! బయటికి రండి! పనిచేసినవాడి కాళ్ళు విరుగుతాయి!" కిటికీల అద్దాలు వరసగా పగిలాయి. లోపలున్న ఫిట్టర్లని కాలర్లు పట్టి ఈడ్చుకొచ్చారు. ఒకడు పడిపోతే వాడి మీదనుంచే నడిచారు. గుంపు ముందు మా అన్నయ్య ఉన్నాడు.

మేస్త్రీ రెండు చేతులూ చాచి నాకు అడ్డంగా నిలబడ్డాడు. "ఆడపిల్ల ఉంది, ఆగండ్రా!" అని అరిచాడు. గుంపులోంచి కడ్డీలు బిగించే ఇనప మర ఒకటి గాల్లో తిరుగుతూ వచ్చి ఆయన మొహానికి తగిలింది. నీళ్ళలో రాయి పడినంత చప్పుడే అయింది. ఆయన కూర్చున్నాడు, తర్వాత పడుకున్నాడు. చెంప ఎముక లోపలికి పోయింది, నోట్లోంచి రక్తంతో పాటు నాలుగు పళ్ళొచ్చాయి. నేను చేతిలో ఉన్న గ్రీజు గన్ అన్నయ్య మీదికి విసిరాను. తగల్లేదు. తగిలుంటే బాగుండుననుకున్నాను. ఇద్దరు ఫిట్టర్లూ నేనూ మేస్త్రీని సామాన్ల ట్రాలీ మీద వేసుకుని గేటుదాకా పరిగెత్తాం.

ఆసుపత్రిలో ఆయన మొహానికి కట్టు కడుతుంటే నేను చొక్కా జేబు తడుముకున్నాను. తాళంచెవి తగిలింది. తాళం క్రేన్ మెయిన్ స్విచ్‌కే ఉండిపోయింది.

"ఎవరు విసిరారు? నువ్వేనా?" అని ఇంటికెళ్ళగానే అన్నయ్యని అడిగాను.

"ఇనుము మీద పేరు రాసుంటుందా? ముందు నడిచింది నేను. నేనే అనుకో."

"సిగ్గులేదూ?"

"ఉంది. ఉన్నా ముందే నడుస్తాను."

సమ్మె రెండోరోజుకి తాళం సంగతి అన్నయ్యకి తెలిసింది. పెద్ద ఓడని అందుకోగల క్రేన్ రేవులో నాలుగో నంబరు ఒక్కటే. అలాంటి ఓడ ఒకటి వచ్చి నిలబడి ఉంది. కంపెనీ ఎక్కడినుంచో కూలికి డ్రైవర్ని తెచ్చుకుంది గానీ, మెయిన్ స్విచ్‌కి తాళం వేలాడుతోంది. తాళానికి నా ఫొటో వేలాడుతోంది. తాళం వేసిన మనిషి లేకుండా దాన్ని కొయ్యాలంటే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చి క్రేన్ అంతా చూసి అనుమతివ్వాలి. క్రేన్ బ్రేకులు అరిగిపోయి ఆర్నెల్లయింది. మేస్త్రీ ఆ మాట కాగితం మీద రాసిచ్చినా మేనేజర్ చూడనట్టే ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ వస్తే మొత్తం క్రేనే ఆగిపోతుంది. అందుకని వాళ్ళకి ఇన్‌స్పెక్టర్ వద్దు, నేను కావాలి.

అన్నయ్య గ్యాంగువాళ్ళు మా గుమ్మం ముందుకొచ్చి "చెల్లెమ్మా, నువ్వు పులివి!" అన్నారు. మర్చిపోయి పులినయ్యాను. అన్నయ్య నా భుజం మీద చెయ్యేసి అందరికీ చూపించాడు. నలభైమంది సమ్మె నా మతిమరుపు మీద నిలబడింది. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఐదోరోజు పొద్దున్నే మేనేజర్ దగ్గర్నుంచి ఫోను. "పదకొండింటికి వెనక గేటు దగ్గర వ్యాన్ ఉంటుంది. వచ్చి తాళం తీస్తే నీ అప్రెంటిస్ నీది. రాకపోతే ఇవాళ్టితో రద్దు. ఇంకే రేవులోనూ నిన్ను గేటు దాటనివ్వరు. నీ ఇష్టం."

ఆ పని నాకు ఎంత కావాలో చెప్పాలి. నేను చదివిన తరగతిలో అరవైమందిలో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయి ఒక ఆఫీసులో ఫైళ్ళు మోస్తోంది. పైన ఆ గదిలో చక్రాలు తిరుగుతుంటే ఏ చక్రానికి నొప్పిగా ఉందో చెవితో విని చెప్పడం నాకు అప్పుడప్పుడే అబ్బుతోంది. అంత సంతోషం నాకు జీవితంలో ఇంకే పనిలోనూ కలగలేదు. పైగా మేస్త్రీ మొహం నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఫోను పెట్టేసి తాళంచెవి వదిన చేతిలో పెట్టాను. అన్నయ్య లోపలికొచ్చాడు.

"ఎవరు ఫోను?"

"మేనేజర్. నేను వెళ్తున్నాను."

"తాళంచెవి ఇటివ్వు."

"ఇవ్వను."

"నలభై ఇళ్ళ పొయ్యిలు దాని మీదున్నాయి."

"మేస్త్రీ పళ్ళు రాలగొట్టినప్పుడు ఆయనింట్లో పొయ్యి గుర్తురాలేదా?"

మొదటి దెబ్బ చెంప మీద. అది నాకు అలవాటే. రెండోది చెవి మీద పడింది, గది ఒక పక్కకి వాలింది. ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు, కంపెనీ మీదున్న కోపమంతా నా మీద పడింది. జుట్టు పట్టుకుని గోడకి నొక్కి, పిడికిలి విప్పి చూశాడు. ఏమీ లేదు. నేను తన కుడిచేతిని దొరకబుచ్చుకుని బొటనవేలి కింద కండలో పళ్ళు దించాను. నోరంతా ఉప్పగా అయ్యేదాకా వదల్లేదు. "కుక్కా!" అని విదిలించి కిందపడేశాడు. బూటుకాలితో డొక్కలో తన్నాడు. లోపల ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. అది నాకొక్కదానికే వినపడింది.

తర్వాత బియ్యం డబ్బా బోర్లించాడు, పరుపు దులిపాడు, అలమర ఊడబీకాడు. వదిన మూల కూర్చుని కళ్ళప్పగించి చూస్తోంది.

"నీకు తెలుసా ఎక్కడుందో?"

వదిన తల అడ్డంగా ఊపింది. ఆ ఇంట్లో వదిన ఒక ప్రశ్నకి మాటతో జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి. అన్నయ్యకి అనుమానం ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు. రక్తం కారుతున్న చేతికి గుడ్డ చుట్టుకున్నాడు. గుమ్మంలో ఆగి నావైపు చూశాడు. గోనెసంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

వదిన నోట్లోంచి తాళంచెవి తీసి, కొంగుతో తుడిచి నాకిచ్చింది.

"వెళ్ళు."

"వదినా, తెలిస్తే నిన్ను చంపేస్తాడు."

"నాకు దెబ్బలు అలవాటే. నీకు కూడా అలవాటైపోతే ఈ ఇంట్లో ఎదురు మాట్లాడేవాళ్ళే ఉండరు. వెళ్ళు."

కంపెనీ వ్యాన్ కిటికీలకి ఇనపజాలీ బిగించి ఉంది. ముందు గేటు దగ్గర సమ్మెవాళ్ళ అరుపులు రేవంతా మోగుతున్నాయి. గోడ మీదనుంచి రాళ్ళు పడుతున్నాయి. నేను వ్యాన్ దిగి నిటారుగా నిలబడబోయాను, పక్కటెముక నిలబడనివ్వలేదు. ఒక చెయ్యి డొక్కకి అదుముకుని నడిచాను. మేనేజర్ నా వాచిన మొహం చూసి కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు.

"డ్రైవర్ కేబిన్‌లో ఎక్కి కూర్చున్నాడు. నువ్వు తాళం తీస్తే చాలు."

"పైకెక్కి చూడాలి సార్."

"ఐదురోజులుగా గేట్లన్నీ మూసున్నాయి. పిట్ట కూడా రాలేదు. త్వరగా కానివ్వమ్మా, వీళ్ళు గోడ దూకేలా ఉన్నారు."

నేను మెట్ల మొదట్లో నిలబడి తల పైకెత్తాను. "లోపలెవరు? తాళం తీస్తున్నా!"

ఆ ఒక్క అరుపుకే డొక్కలో కత్తి దిగినట్టయింది. పైనుంచి జవాబు లేదు. మెట్లు ఎక్కబోయాను. మూడు మెట్లు ఎక్కాను, నాలుగోదానికి కళ్ళు చీకట్లు కమ్మాయి. కిందికి దిగాను. కాళ్ళ చుట్టూ తిరిగి రావడానికి అడుగేస్తే ఒక రాయి వచ్చి పక్కనున్న గార్డు మోచేతికి తగిలింది. అతను కేకపెట్టి కూలబడ్డాడు. మేనేజర్ పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. "చూశాను" అన్న గడిలో సంతకం పెట్టాను.

ఆ క్షణంలో నా మనసులో ఏముందో దాచను. భయం లేదు, అనుమానం లేదు. అన్నయ్య గేటు దగ్గర నలభైమంది ముందు నిలబడి ఉంటాడు, క్రేన్ కదిలిన చప్పుడు తన చెవిన పడాలి, నేను తీశానని తనకి తెలియాలి. అంతే ఉంది. కసితో తాళం తీసి స్విచ్ పైకెత్తాను.

డ్రైవర్ మీట తోశాడు, పైన ఇనపతాడు చుట్టుకునే డ్రమ్ము తిరగడం మొదలైంది. వెంటనే ఒక కేక. అది మనిషి గొంతని ముందు అనుకోలేదు. గ్రీజు చాలని చక్రం కూడా అలాగే అరుస్తుంది. కానీ ఆ చక్రాలకి గ్రీజు పెట్టింది నేనే.

స్విచ్ కిందికి లాగేశాను. తాళం మళ్ళీ వేశాను, చెవి జేబులో పెట్టుకున్నాను. నూట నలభై మెట్లు ఎక్కాను. ఎలా ఎక్కానో అడిగితే చెప్పలేను.

అన్నయ్య పళ్ళచక్రాలుండే గేర్‌బాక్స్ పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. మూత విప్పి ఉంది. గోనెసంచిలోంచి బోల్టులు నేలంతా దొర్లాయి. కుడిచెయ్యి మోచేయి దాటి లోపలుంది. నూనె నల్లగా ఉండాలి, ఎర్రగా ఉంది. నన్ను చూసి "అమ్మా" అన్నాడు. నన్ను కాదు, మా అమ్మని.

మనిషి ఇరుక్కుంటే ఏం చెయ్యాలో మేస్త్రీ రెండో వారంలోనే చూపించాడు. కరెంటుతో వెనక్కి తిప్పకూడదు. బ్రేకు మర విప్పి, మోటారు ఇరుసుకి చక్రం తగిలించి, చేత్తో తిప్పాలి. మెల్లగా, ఒక్కో పన్ను చొప్పున. నేను చక్రం పట్టుకుని ఆగిపోయాను. తిప్పితే ఏమవుతుందో తెలుసు.

"తిప్పు" అన్నాడు అన్నయ్య.

తిప్పాను. ఒక్కో పన్ను వదులుతుంటే లోపల ఎముక చప్పుడయ్యేది. అన్నయ్య తల గోడకేసి బాదుకున్నాడు. నా డొక్కలో ఎముకా తిరుగుతోంది. ఇద్దరం కలిసి అరిచాం. పదమూడు పళ్ళు. లెక్కపెట్టాలని లెక్కపెట్టలేదు, చెయ్యి పని చేస్తుంటే నోరు దానంతటది లెక్కపెట్టింది. చెయ్యి బయటికొచ్చాక అది చెయ్యిలా లేదు. నా చొక్కా విప్పి భుజం దగ్గర బిగించి కట్టాను.

ఆసుపత్రిలో మోచేతికి పైన తీసేశారు. నా పళ్ళ గుర్తులున్న చెయ్యి అది. వదిన వరండాలో గోడకానుకుని "తాళంచెవి ఇచ్చింది నేనే కదా, నేనే కదా" అని ఒకే మాట అంటూ నోటి మీద తనే కొట్టుకుంది. నేను రెండు చేతులూ పట్టుకుంటే నన్ను కూడా కొట్టింది.

నాలుగోరోజు అన్నయ్య నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిపించాడు. నా పక్కటెముకకి కట్టు, తనకి భుజానికి కట్టు.

"ఎందుకెక్కావు?" అన్నాను.

"పడవలో ఓడ చాటునుంచి వచ్చాను. తాళం ఇవాళ కాకపోతే రేపు కోసేస్తారు. బోల్టులు పడి గేర్లు విరిగితే నెల్లాళ్ళు ఎవడూ ఏం చెయ్యలేడు. అప్పుడిక నీ తాళం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నువ్వెళ్ళి తీసేసుకోవచ్చు, నీ పని పోదు అనుకున్నా." కట్టు కట్టిన భుజాన్ని దిండుకి ఆనించుకున్నాడు. "స్విచ్‌కి నీ తాళం చూసే ఎక్కాను."

నేను తల ఎత్తలేదు.

"పిలిచావు కదా?"

"పిలిచాను."

"వినపడింది."

"మరి పలకలేదేం?"

"నువ్వని తెలిసింది. కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది. ఇంకా రెండు పిలుపులున్నాయి కదా, ఈలోగా ఆ ఆఖరి బోల్టు కూడా వేసేద్దామనుకున్నా." ఎడమచేత్తో దుప్పటి అంచు సర్దుకున్నాడు. "నువ్వు మూడుసార్లు పిలుస్తావుగా ఎప్పుడూ."

తన్నినప్పుడు నేను ఏడవలేదు. చక్రం తిప్పినప్పుడు ఏడవలేదు. అప్పుడు మంచం పట్టీ మీద తల పెట్టి ఏడ్చాను. అన్నయ్య ఓదార్చలేదు, తిట్టలేదు. "ఎక్కి చూశాననే చెప్పు విచారణలో. నీ పనైనా మిగులుతుంది" అన్నాడు.

నేను అలా చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నేను చూసినప్పుడు లోపలెవరూ లేరు, ఆ తర్వాత దొంగచాటుగా దూరాడు అని కంపెనీ రాసుకుంటుంది. చెయ్యి పోయిన మనిషికి జైలు కూడా వస్తుంది. మేనేజర్ మాటల్లో అదే ఉంది. "సంతకం నీదే కదా. దాని మీద నిలబడు, నీ ఉద్యోగం పర్మనెంటు చేయించే పూచీ నాది." యూనియన్‌వాళ్ళు ఇంకో మాట నేర్పారు. కంపెనీవాళ్ళే తాళం కోసేశారని చెప్పమన్నారు. ఎవరికి కావలసిన అబద్ధం వాళ్ళు తయారుచేసుకుని నా నోరు మాత్రం అప్పడిగారు.

విచారణ మూడు వారాల తర్వాత, రేవు ఆఫీసు పైఅంతస్తులో. ఫ్యాను తిరుగుతున్నా అందరికీ చెమటలు. అధికారి కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం చూస్తున్నాడు. ఒక పక్క మేనేజర్, ఒక పక్క అన్నయ్యా, వెనక తన గ్యాంగులో పదిమంది. మేస్త్రీ కూడా వచ్చాడు. దవడకి తీగలు బిగించి ఉన్నాయి, అరవలేడు. మూలన కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు.

"పైకెక్కి చూశారా?"

"లేదు సార్."

మేనేజర్ లేచాడు. "ఆమె సంతకం ఉంది సార్ అందులో!"

"సంతకం నాదే. అబద్ధం కూడా నాదే. ఈయన పక్కనే నిలబడి ఉన్నారు, నేను ఎక్కలేదని ఈయనకి తెలుసు. తొందరపెట్టారు. కానీ తీసింది నేను. ఎవరూ కొయ్యలేదు."

వెనక గ్యాంగులో ఎవరో నన్ను బూతు తిట్టారు. అన్నయ్య కదల్లేదు.

"ఎన్నిసార్లు పిలిచారు?"

"ఒకసారి."

మూలన మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. ఆ మొదటిరోజు స్పానర్ దెబ్బ దీనికన్నా నయం.

అధికారి కళ్ళజోడు తీశాడు. "పద్ధతి మీకు తెలుసు. రెండు నెలలు రోజూ పాటించారని పుస్తకం చెబుతోంది. ఆరోజు మాత్రం ఎందుకు ఎక్కలేదు?"

దీనికి నా దగ్గర జవాబుంది. చెప్పకూడదనే వచ్చాను. అప్పటికే అన్నయ్య పోగొట్టుకున్నది చాలు, గ్యాంగు ముందు ఆ మాట కూడా నా నోటితో అనను అని రాత్రంతా అనుకుని వచ్చాను. రాళ్ళు పడుతున్నాయి సార్ అందామనుకున్నాను. అది కూడా నిజమే. నోరు తెరిచాను.

పక్కన కుర్చీ కిర్రుమంది.

"నేను తన్నాను సార్" అన్నాడు అన్నయ్య.

గదిలో అందరూ అటు తిరిగారు. ఖాళీ చొక్కాచెయ్యి పిన్నుతో పైకి మడిచి ఉంది. గొంతు ఎత్తలేదు, దించలేదు.

"పొద్దున్నే తన్నాను. బూటుకాలితో, డొక్కలో. ఎముక విరిగింది. అందుకే ఎక్కలేకపోయింది. ఆసుపత్రివాళ్ళ కాగితం మా ఆవిడ దగ్గరుంది, కావాలంటే చూడండి."

గ్యాంగులో ఒకడు "అన్నా, ఊరుకో" అన్నాడు.

"నువ్వూరుకో" అన్నాడు అన్నయ్య. "మేస్త్రీ మొహం మీదికి మర విసిరింది కూడా నేనే. అది కూడా రాసుకోండి సార్."

అధికారి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపు రాశాడు. మేనేజర్ చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. రాయడం అయ్యాక కాగితం తిప్పి, టేబుల్ అంచున పెట్టి, అన్నయ్యని రమ్మన్నాడు.

"చదువుకుని సంతకం పెట్టండి. వేలిముద్రైనా ఫరవాలేదు."

"సంతకమే పెడతాను."

అన్నయ్య కలం ఎడమచేత్తో పట్టుకున్నాడు. మొదటి అక్షరం దగ్గరే కాగితం పక్కకి జారింది. సర్ది మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ జారింది. ఫ్యాను గాలికి అంచు లేస్తోంది, పట్టుకోవడానికి తనకి రెండో చెయ్యి లేదు. ఎవరూ దగ్గరికి రాలేదు. నేను లేచి వెళ్ళి పక్కన నిలబడి, కాగితం కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. తను నావైపు చూడలేదు. మెల్లగా పేరు రాయడం మొదలుపెట్టాడు. అంతా రాసేదాకా నేను చేతులు తియ్యలేదు.